బెంచ్ మీద కూర్చున్నవాళ్ల కోసం: కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడే సమయంపై తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో కాలేజీ జట్లు కట్టే రోజులు వచ్చాయంటే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, టీమ్‌లోకి తీసుకున్నారు గానీ ఆడించట్లేదు." "మా అబ్బాయి రోజూ తెల్లవారకముందే లేచి ప్రాక్టీస్‌కి వెళ్తున్నాడండీ, మ్యాచ్‌లో మాత్రం కూర్చోబెడుతున్నారు." నేను ఇక్కడే ఒక కాలేజీకి నాలుగేళ్లు ఆడాను. అందులో మొదటి రెండేళ్లు దాదాపు బెంచ్ మీదే గడిచాయి. ఇప్పుడు సాయంత్రాలు జూనియర్లకు ఆట నేర్పుతున్నాను, వాళ్లలో కొందరిని నేనే కూర్చోబెట్టాల్సి వస్తోంది. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అసలు పంచుకోవడానికి ఎన్ని నిమిషాలుంటాయి?

ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నియమాల ప్రకారం మ్యాచ్ అంటే 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు, మొత్తం 40 నిమిషాలు. కోర్టులో ఒకేసారి ఐదుగురు ఉంటారు కాబట్టి ఒక జట్టు చేతిలో ఉండేది 200 నిమిషాలు. జట్టులో 12 మంది ఉంటారు. సమానంగా పంచితే ఒక్కొక్కరికి 17 నిమిషాల లోపే వస్తుంది. ఎవరికైనా 30 నిమిషాలు ఇచ్చారంటే ఆ అదనపు 13 నిమిషాలు ఇంకెవరి నుంచో తీసినవే.

ఈ లెక్క నేను జట్టు కట్టిన మొదటి రోజే పిల్లలకు బోర్డు మీద రాసి చూపిస్తాను. "కోచ్‌కి నేనంటే పడదు" అనే మాట సగం ఈ లెక్క తెలియకపోవడం వల్లే వస్తుంది. మిగతా సగం సంగతి కింద చెబుతాను, అందులో కోచ్‌ల తప్పు చాలా ఉంది.

నేను సాధారణంగా వేసుకునే పంపకం ఇది: స్టార్టింగ్ ఫైవ్‌కి (మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురికి) తలా 26 నిమిషాలు, ఆరో, ఏడో ఆటగాళ్లకు 18 చొప్పున, ఎనిమిదో, తొమ్మిదో వాళ్లకు 11 చొప్పున, పదో ఆటగాడికి 6, చివరి ఇద్దరికీ 3 చొప్పున. కూడితే సరిగ్గా 200. ప్రతి మ్యాచ్‌లోనూ ఇది ఇలాగే జరగదు. ఫౌళ్లు, గాయాలు, ఎదుటి జట్టు ఎత్తు అన్నీ దాన్ని మార్చేస్తాయి. కానీ రాసిపెట్టుకున్న లెక్కంటూ ఒకటి ఉంటే, మ్యాచ్ అయ్యాక ఎవరికి ఎందుకు తగ్గిందో కోచ్ జవాబు చెప్పగలుగుతాడు.

స్టార్టింగ్ ఫైవ్‌లో లేనంటే నేను తక్కువ ఆటగాడినేనా?

కాదు. క్రికెట్ అలవాటు వల్ల మనకి ఈ అపోహ వస్తుంది. క్రికెట్‌లో పన్నెండో ఆటగాడు నీళ్లు అందిస్తాడు, ఫీల్డింగ్ చేస్తాడు, మామూలుగా బ్యాట్ పట్టుకోడు. ఫుట్‌బాల్‌లో ఒకసారి బయటికి వచ్చినవాడు మళ్లీ లోపలికి వెళ్లడు. బాస్కెట్‌బాల్‌లో మార్పులకు లెక్కే లేదు. ఒకే ఆటగాడు పదిసార్లు బయటికి వచ్చి పదిసార్లు లోపలికి వెళ్లొచ్చు. ఇక్కడ బెంచ్ అంటే ఆట నుంచి తీసేసిన చోటు కాదు, ఆటలో ఒక భాగం.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో బెంచ్ మీద నుంచి వచ్చి ఆడేవాళ్లలో మేటి ఆటగాడికి 1982-83 సీజన్ నుంచి ప్రత్యేకంగా సిక్స్త్ మ్యాన్ అవార్డు ఇస్తున్నారు. 2008లో ఆ అవార్డు అందుకున్న మను జినోబిలి అప్పటికే అర్జెంటీనా తరఫున 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచినవాడు. అంతటివాడు శాన్ ఆంటోనియో స్పర్స్‌లో ఏళ్ల తరబడి బెంచ్ మీద నుంచే లేచి వచ్చాడు. ఆండ్రే ఇగుడాలాది ఇంకా గట్టి ఉదాహరణ. అంతకుముందు కెరీర్ అంతా స్టార్టర్‌గానే ఆడినవాణ్ని 2014-15లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ బెంచ్‌కి మార్చింది. ఆ రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా అతను స్టార్ట్ చేయలేదు. ఫైనల్స్ సిరీస్‌లో జట్టు 1-2తో వెనకబడినప్పుడు నాలుగో మ్యాచ్ నుంచి అతన్ని మొదటి ఐదుగురిలోకి తెచ్చారు. తర్వాత మూడూ గెలిచారు, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు అతనే అయ్యాడు.

మ్యాచ్ ఎవరు మొదలుపెట్టారన్నదానికంటే ఎవరు ముగించారన్నది చూడండి. చివరి ఐదు నిమిషాల్లో కోర్టులో ఉన్న ఐదుగురి మీదే కోచ్‌కి ఎక్కువ నమ్మకం. ఆ ఐదుగురిలో తరచూ ఒకరిద్దరు బెంచ్ నుంచి వచ్చినవాళ్లే ఉంటారు.

అందరికీ సమానంగా సమయం ఇచ్చేస్తే గొడవే ఉండదు కదా?

దీని మీద మా దగ్గర ప్రతి ఏడూ వాదన జరుగుతుంది. సమానంగా ఇచ్చి చూసిన జట్లు లేకపోలేదు. అమెరికాలో ఐయోవా రాష్ట్రంలోని గ్రినెల్ కాలేజీలో డేవిడ్ ఆర్సెనో అనే కోచ్ ఐదుగురిని ఒకేసారి దించి, నిమిషం అటూఇటుగా ఐదుగురినీ మార్చేసే పద్ధతి పెట్టాడు. అందరూ ఆడతారు, అందరూ పరుగెడతారు, కోర్టంతా ప్రెస్ చేస్తారు (ఎదుటివాళ్లను వెంటాడి అడ్డుకుంటారు), వీలైనన్ని మూడు పాయింట్ల షాట్లు వేస్తారు. వినడానికి ఎంత బాగుందో చూడండి. కానీ అదే జట్టులో 2012 నవంబరు 20న జాక్ టేలర్ అనే కుర్రాడు ఒక్క మ్యాచ్‌లో 138 పాయింట్లు కొట్టాడు. ఆ రోజు అతను ఆడింది 36 నిమిషాలు. అందరికీ పంచే జట్టు కూడా ఒకరి చేతిలో ఆట పెట్టాలనుకున్న రోజున పంపకాన్ని పక్కన పెట్టిందన్నమాట.

ఇంకో ఉదాహరణ 2014-15 కెంటకీ విశ్వవిద్యాలయం జట్టు. కోచ్ జాన్ కాలిపారి దగ్గర మంచి ఆటగాళ్లు పదిమంది ఉన్నారు. ఐదుగురు, ఐదుగురుగా విడగొట్టి మార్చి మార్చి ఆడించాడు. ఒక ఆటగాడు గాయపడ్డాక ఆ పద్ధతి సడలింది గానీ, జట్టు వరుసగా 38 మ్యాచ్‌లు గెలిచి సెమీఫైనల్లో విస్కాన్సిన్ చేతిలో ఓడింది. ఆ జట్టులో మ్యాచ్‌కి సగటున 21 నిమిషాలే ఆడిన కార్ల్-ఆంథనీ టౌన్స్‌ని 2015 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (జట్లు వరుసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) అందరికంటే ముందు ఎంచుకున్నారు. నిమిషాలు తగ్గితే భవిష్యత్తు పోతుందని భయపడే పిల్లలకు నేను ఈ మాట తప్పకుండా చెబుతాను.

నా అభిప్రాయం అడిగితే, ఇలా అంటాను: ప్రాక్టీస్ మ్యాచ్‌లలో, లీగ్ మొదటి మ్యాచ్‌లలో అందరూ ఆడాలి, తప్పనిసరిగా ఆడాలి. నాకౌట్‌లో మాత్రం సమానత్వం అడగకూడదు. కాలేజీ జట్టు ప్రొఫెషనల్ క్లబ్ కాదు, ఆడేవాడు ఇంకా నేర్చుకుంటున్న విద్యార్థి. అలాగని అది పార్కులో సరదాగా ఆడే ఆట కూడా కాదు. ఉదయం ప్రాక్టీస్‌కి నెలల తరబడి వచ్చినవాడికీ, వారానికి రెండు రోజులు వచ్చినవాడికీ ఒకే సమయం ఇస్తే, వచ్చినవాడికి అన్యాయం చేసినట్టే.

ప్రాక్టీస్‌లో సీనియర్లను దాటి ఆడుతున్నాను. మ్యాచ్‌లో మాత్రం ఎందుకు దింపరు?

దీనికి కోచ్ మనసులో కాకుండా మన టోర్నమెంట్ల అమరికలోనే పెద్ద కారణం ఉంది. అంతర్ కళాశాలల పోటీలు చాలావరకు నాకౌట్ పద్ధతిలో జరుగుతాయి. ఓడితే ఆ ఏడాదికి ఇంటికే. అమెరికా కాలేజీ జట్టు సీజన్‌లో 30 మ్యాచ్‌ల దాకా ఆడుతుంది కాబట్టి కొత్తవాణ్ని నెమ్మదిగా అలవాటు చేయొచ్చు. మనకి ఏడాదికి దొరికే అసలు మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రతిదీ చావో రేవో. కోచ్ భయపడతాడు, తెలిసిన ఐదుగురినే పట్టుకుని కూర్చుంటాడు. కొత్తవాడికి అనుభవం రాదు, అనుభవం లేదు కాబట్టి వచ్చే మ్యాచ్‌లోనూ దింపరు. బావిలో కప్పలా అక్కడక్కడే తిరుగుతుంది ఇది.

దీన్నుంచి బయటపడే దారి ఒకటే, మ్యాచ్‌లు పెంచుకోవడం. విశాఖలో కాలేజీలకు కొదవ లేదు. పక్క కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్‌తో మీ పీడీ సార్ ఒక్కసారి మాట్లాడితే శనివారం సాయంత్రం స్నేహపూర్వక మ్యాచ్ కుదురుతుంది. అందులో రెండు క్వార్టర్లు పూర్తిగా బెంచ్ ఐదుగురితోనే ఆడించమని కెప్టెన్ అడగాలి. మా జట్టులో నాలుగో ఏడాది అదే చేశాం. ఆరుగురితో నెట్టుకొచ్చే జట్టు తొమ్మిది మంది జట్టు అయింది.

మిగతా కారణాలు మీవి కావచ్చు. ప్రాక్టీస్‌లో షాట్ పడటం ఒక ఎత్తు, మనిషిని వదలకుండా డిఫెన్స్ చేయడం ఇంకో ఎత్తు. నేను చూసినంతలో కోచ్‌లు బెంచ్ నుంచి ఎవరిని లేపాలా అని చూసేటప్పుడు "ఎవడు పాయింట్లు కొడతాడు" అని కాదు, "ఎవడు చెడగొట్టడు" అని చూస్తారు. బంతి పోగొట్టుకోకపోవడం, తన మనిషిని వదలకపోవడం, రీబౌండ్‌కి (పడకుండా తిరిగొచ్చిన బంతికి) బాక్స్ అవుట్ చేయడం, అంటే ఎదుటివాణ్ని ఒంటితో అడ్డుకుని బోర్డుకి దూరంగా ఉంచడం. ఈ మూడూ ఉన్నవాడికి షాట్ లేకపోయినా నిమిషాలు దొరుకుతాయి.

ఆటగాణ్ని ఎప్పుడు మార్చవచ్చు? నియమాలేంటి?

బంతి ఆగి, గడియారం కూడా ఆగినప్పుడు. చివరి ఫ్రీ త్రో పడ్డాక కూడా మార్చవచ్చు. నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో బాస్కెట్ పడితే గడియారం ఆగుతుంది కాబట్టి, బాస్కెట్ పడనిచ్చిన జట్టుకి మార్చే అవకాశం వస్తుంది. మారేవాడు స్కోరర్ టేబుల్ దగ్గరికి వెళ్లి చెప్పి, రెఫరీ పిలిచాకే లోపలికి అడుగు పెట్టాలి. ఐదు ఫౌళ్లు అయిన ఆటగాడు ఇక ఆ మ్యాచ్ ఆడకూడదు.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. బెంచ్ మీద కూర్చున్నవాడు రెఫరీని ఏదైనా అంటే ఆ టెక్నికల్ ఫౌల్ కోచ్ ఖాతాలో పడుతుంది, ఎదుటి జట్టుకి ఒక ఫ్రీ త్రో వస్తుంది. అలాంటివి మూడు అయితే కోచ్ బయటికి వెళ్లాల్సిందే. కడుపు మండి అరిచిన ఒక్క మాట జట్టుకి ఒక పాయింటు ఖరీదు అవుతుంది.

బెంచ్ మీద కూర్చుని నేను చేయాల్సిందేంటి?

రెండో సంవత్సరంలో నాకు జరిగింది చెబుతాను. సెమీఫైనల్, బయట సిమెంట్ కోర్టు. మొదటి క్వార్టర్‌లోనే మా సెంటర్‌కి (రింగ్ దగ్గర ఆడేవాడికి) రెండు ఫౌళ్లు పడ్డాయి. కోచ్ సార్ వెనక్కి తిరిగి నా పేరు పిలిచారు. నేను అప్పటిదాకా పక్కవాడితో మాట్లాడుతూ కూర్చున్నాను, ఎలాగూ నన్ను దింపరన్న ధీమాతో. లోపలికి పరుగెత్తి మా గార్డ్‌ని (బంతి నడిపేవాణ్ని) "నేనెవర్ని పట్టుకోవాలి?" అని అడిగాను. వాడు చెప్పేలోపే నా మనిషి బేస్‌లైన్ మీదుగా వెళ్లి లే-అప్ (రింగ్ కిందికి వెళ్లి వేసే షాట్) వేసేశాడు. మరుసటిసారి కూడా వాడే. అతను ఎడమచేతివాటం అని బెంచ్ మీద ఉన్న ఎవరికైనా కనిపించేది, నేను చూడలేదు. నిమిషం తిరక్కుండానే నన్ను వెనక్కి పిలిచారు. ఆ రోజు రాత్రి బీచ్ రోడ్డు మీద నడుస్తూ కోచ్‌ని తిట్టుకున్నాను. తప్పు నాదేనని ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

అందుకే మా పిల్లలకు బెంచ్ మీద పని అప్పజెబుతాను. మీ స్థానంలో ఆడుతున్న ఎదుటివాణ్ని మాత్రమే చూడండి. ఏ చేత్తో డ్రిబుల్ చేస్తున్నాడు, ఏ వైపు తిరుగుతున్నాడు, అలసిపోయాక ఏం చేస్తున్నాడు, అతనికి ఎన్ని ఫౌళ్లయ్యాయి. ఇంకొకరు టీమ్ ఫౌళ్లు లెక్కపెట్టాలి, ఎందుకంటే క్వార్టర్‌లో నాలుగు దాటితే ప్రతి ఫౌల్‌కీ రెండు ఫ్రీ త్రోలు. ఇంకొకరు మిగిలిన టైమ్ అవుట్లు గుర్తుంచుకోవాలి: మొదటి సగంలో రెండు, రెండో సగంలో మూడు. మన కోర్టుల్లో చాలాచోట్ల షాట్‌కి ఇచ్చే 24 సెకన్ల గడియారం అందరికీ కనిపించేలా ఉండదు. బెంచ్ గట్టిగా "ఐదు, నాలుగు, మూడు" అని అరవడం అక్కడ నిజమైన సాయం.

టైమ్ అవుట్‌లో లేచి గుంపులోకి వెళ్లండి. వెనక నిలబడి నీళ్లు తాగుతూ ఉంటే కోచ్ గీసే బొమ్మ మీకు కనపడదు. అరనిమిషం తర్వాత మిమ్మల్నే పిలవొచ్చు.

అరగంట కూర్చున్నాక ఒళ్లు బిగుసుకుపోతోంది. దిగగానే పరుగెత్తలేకపోతున్నాను.

సగం ఆట అయ్యాక వచ్చే విరామం 15 నిమిషాలు. అందులో కోచ్ మాటలు అయ్యాక మిగిలిన సమయమంతా బెంచ్‌వాళ్లదే అనుకోండి, షాట్లు మీరే ఎక్కువ వేయండి. కూర్చున్నప్పుడు మడమలు, మోకాళ్లు కదుపుతూ ఉండండి. నిండా తిని రాకండి.

ఒక్క తప్పు చేయగానే తీసేస్తున్నారు. టెన్షన్‌తో ఇంకా తప్పులు చేస్తున్నాను.

ఇందులో నేను పూర్తిగా ఆటగాడి పక్షం. ఒక్క టర్నోవర్‌కి (బంతి పోగొట్టుకున్నందుకు) తీసేస్తే కుర్రాడు బంతి అందుకున్న ప్రతిసారీ బెంచ్ వైపు చూస్తాడు. కోర్టును చూడాల్సిన కళ్లు కోచ్ మొహాన్ని చూస్తాయి. నేర్పేవాడిగా నేను పెట్టుకున్న నియమం: దింపితే కనీసం మూడు నిమిషాలు ఉంచుతాను. షాట్ తప్పినా, పాస్ పోయినా తీయను. డిఫెన్స్‌కి వెనక్కి పరుగెత్తకపోతే మాత్రం వెంటనే తీస్తాను, ఎందుకు తీశానో అప్పుడే చెబుతాను. ఒక తప్పు నైపుణ్యంది, ఇంకోటి మనసుది. రెండింటికీ ఒకే శిక్ష వేస్తే కుర్రాడు రెండింటినీ ఒకటే అనుకుంటాడు.

మీ కోచ్ అలా లేకపోతే మీరు చేయగలిగింది, దిగగానే తేలికైన పని ఒకటి సరిగ్గా చేయడం. ఒక గట్టి స్క్రీన్ (మనవాడి వెంట పడేవాడికి అడ్డంగా నిలబడటం), ఒక బాక్స్ అవుట్. మొదటి షాట్‌తోనే నిరూపించుకోవాలని 6.75 మీటర్ల మూడు పాయింట్ల గీత బయటి నుంచి ఎగరేయకండి.

ఎందుకు ఆడించట్లేదని కోచ్‌ని అడగొచ్చా?

అడగొచ్చు, అడగాలి కూడా. మ్యాచ్ అయిన వెంటనే మాత్రం వద్దు. ఓడితే ఆయన కోపంలో ఉంటారు, గెలిస్తే హడావిడిలో ఉంటారు. మర్నాడు ప్రాక్టీస్‌కి పావుగంట ముందు వెళ్లండి. "సార్, నన్నెందుకు ఆడించలేదు?" అంటే ఆయన సంజాయిషీ చెప్పుకోవాల్సిన చోటులో పడతారు. "సార్, నాకు నిమిషాలు రావాలంటే ముందుగా ఏ రెండు విషయాలు బాగుచేసుకోవాలి?" అని అడగండి. రెండు అని లెక్క చెప్పి అడిగితే "అన్నీ మెరుగుపడాలి" అని దాటేయడం ఎవరికైనా కష్టం.

"నాకంటే వాడేం గొప్ప?" అన్న మాట ఎప్పుడూ వద్దు. మీ గురించి అడగండి, ఇంకొకరి గురించి కాదు. మూడు వారాల తర్వాత మళ్లీ వెళ్లి, "సార్, మీరు చెప్పిన ఆ రెండూ చేస్తున్నాను, ఎలా ఉంది?" అనండి.

ఇక కోచ్‌ల గురించి. నాకున్న పెద్ద ఫిర్యాదు ఇక్కడే. కూర్చోబెట్టడం తప్పు కాదు, చెప్పకుండా కూర్చోబెట్టడం తప్పు. నాతో పాటు జట్టులోకి వచ్చిన స్నేహితుడు ఒకడు రెండేళ్లు ఒక్క మ్యాచ్ కూడా సరిగ్గా ఆడలేదు. ఎడమ చేతి లే-అప్ రాకపోవడమే కారణమని వాడికి తెలిసింది మానేశాక, అదీ ఇంకెవరో చెబితే. నెల రోజుల పని అది. వాళ్లమ్మ ప్రతి మ్యాచ్ రోజూ "ఇవాళైనా ఆడించారా నాన్నా?" అని అడిగేదట. ఆ ప్రశ్న భరించలేక మానేశానని చెప్పాడు. నిజం చెబితే పిల్లవాడు బాధపడతాడని అనుకునే కోచ్‌లు ఆ రెండేళ్ల మౌనం పెట్టే బాధని చూడట్లేదు.

తల్లిదండ్రులుగా మేం కోచ్‌తో మాట్లాడవచ్చా?

ఆరోగ్యం, చదువు, అవమానించడం, కొట్టడం లాంటి విషయాలైతే తప్పకుండా మాట్లాడండి. నిమిషాల గురించి మాత్రం పిల్లల్నే అడగనివ్వండి. డిగ్రీ చదివే వయసు అది. ఇంటికి రాగానే "ఆడించారా?" అనే బదులు "ఆట ఎలా జరిగింది?" అని అడిగి చూడండి.

ఫైనలియర్ వాళ్లకే ముందు అవకాశం ఇవ్వడం న్యాయమేనా?

ఇద్దరూ నిజంగా సమానంగా ఉంటే సీనియర్‌కే ఇస్తాను. ఓపిక పట్టిన ఏళ్లకి విలువ ఉండాలి. సమానంగా లేకపోతే ఆటే నిర్ణయించాలి. జూనియర్ ముందుకి వచ్చినప్పుడు ఆ సంగతి సీనియర్‌కి అందరికంటే ముందు, విడిగా, కోచ్ నోటితోనే తెలియాలి. వార్మప్‌లో పేర్లు చదివేటప్పుడు తెలియకూడదు.

రికమండేషన్ మీద వచ్చినవాణ్ని దింపుతున్నారని కూడా కొందరు రాస్తారు. అలాంటివి జరగవని నేను అనను. దానికి మందు కాగితం. సెలెక్షన్ రోజున హాజరు, పరుగు సమయం, ఫ్రీ త్రోల లెక్క, ఆడిన చిన్న మ్యాచ్‌ల ఫలితాలు గోడ మీద అంటిస్తే, ఫోన్ చేసి చెప్పేవాళ్లకి "మీరే చూడండి సార్" అని చూపించడానికి పీడీకి కూడా ఒక ఆసరా ఉంటుంది.

విశాఖ ఉక్కపోతలో బెంచ్ అవసరం ఎక్కువా?

చాలా ఎక్కువ. సముద్రం పక్కన ఉండటం వల్ల ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. ఎండ తక్కువగా కనిపించే సాయంత్రం కూడా సిమెంట్ కోర్టు వేడి కక్కుతూ ఉంటుంది. ఇలాంటి చోట ఐదుగురితో 40 నిమిషాలు లాగిన జట్టు నాలుగో క్వార్టర్‌లో పిక్కలు పట్టుకుని కూర్చోవడం నేను ఎన్నిసార్లు చూశానో. ఐదారు నిమిషాలకు ఒకసారి రెండు నిమిషాలు విశ్రాంతి ఇస్తే అదే ఆటగాడు చివర్లో మనిషిలా పరుగెత్తగలుగుతాడు. నీళ్లతో పాటు కొబ్బరినీళ్లో, ఓఆర్ఎస్సో బెంచ్ దగ్గర ఉండాలి.

వాన సంగతి వేరే. అక్టోబరు, నవంబరు అంటే మనకి తుఫాను నెలలు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ని ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. అంత పెద్దది కాకపోయినా, రెండు రోజులు ముసురు పట్టి బయటి కోర్టు తడిస్తే టోర్నమెంట్ ఆగుతుంది. తర్వాత తేదీలు కుదించి ఉదయం ఒక మ్యాచ్, సాయంత్రం ఒక మ్యాచ్ పెడతారు. ఆ రోజు ఆరుగురు ఆటగాళ్ల జట్టు సాయంత్రం మ్యాచ్ నిలబెట్టుకోలేదు. బెంచ్‌ని ముందు నుంచి తయారుచేసుకున్న జట్టు నిలబడుతుంది.

స్కోర్ షీట్‌లో నా పాయింట్లు తక్కువ. నా విలువ ఎలా చూపించుకోవాలి?

ప్లస్-మైనస్ అని ఒక లెక్క ఉంది. మీరు కోర్టులో ఉన్నంతసేపు మీ జట్టు ఎన్ని పాయింట్లు ఎక్కువ కొట్టిందో, తక్కువ కొట్టిందో చెబుతుంది. నాలుగు నిమిషాలు ఆడిన ఒక్క మ్యాచ్‌తో దాన్ని నమ్మకండి, పక్కనున్న నలుగురి ఆట కూడా అందులో కలిసే ఉంటుంది. దానికంటే ఒక చిన్న పుస్తకంలో రీబౌండ్లు, టర్నోవర్లు, మీ మనిషి మీ మీద కొట్టిన పాయింట్లు రాసుకోండి. కోచ్‌తో మాట్లాడేటప్పుడు ఆ పుస్తకం చేతిలో ఉంటే మాట వేరేలా నడుస్తుంది.

మా అమ్మాయిల జట్టులో ఏడుగురమే ఉన్నాం. మాకు ఈ గొడవే లేదు, అందరం అలసిపోతున్నాం.

చాలా కాలేజీల్లో అమ్మాయిల జట్ల పరిస్థితి ఇదే, దీని గురించి ఎవరూ పట్టించుకోవడం లేదు. ఏడుగురిలో ఇద్దరికి ఫౌళ్లు పడితే మిగిలేది ఐదుగురు, అంతే. మీరు మ్యాన్ టు మ్యాన్ (ఒక్కొక్కరు ఒక్కో మనిషిని పట్టుకోవడం) తగ్గించి జోన్ డిఫెన్స్ (ఒక్కొక్కరు ఒక్కో చోటును కాయడం) ఎక్కువ ఆడండి, పరుగు తగ్గుతుంది, ఫౌళ్లూ తగ్గుతాయి. టైమ్ అవుట్లను వ్యూహం కోసం కాకుండా ఊపిరి కోసం వాడుకోండి. ఖోఖో, కబడ్డీ, హ్యాండ్‌బాల్ ఆడే అమ్మాయిల్ని అడగండి. డిఫెన్స్ కదలికలు వాళ్లకి ముందే ఉంటాయి, షాట్ తర్వాత నేర్పొచ్చు. ముగ్గురు కొత్తవాళ్లు వచ్చి తలా ఐదు నిమిషాలు ఆడినా మీకు 15 నిమిషాల విశ్రాంతి దొరికినట్టే.

నిమిషాలు లేనప్పుడు ఆట తగ్గిపోకుండా 3x3 ఆడటం మంచిదేనా?

చాలా మంచిది. జట్టుకి నలుగురే, కోర్టులో ముగ్గురు, బెంచ్ మీద ఒక్కరు. 10 నిమిషాలు లేదా 21 పాయింట్లు, షాట్‌కి 12 సెకన్లు. దాక్కోవడానికి చోటే ఉండదు, బంతి మీ చేతికి వచ్చి తీరుతుంది. ఒక సాయంత్రం సగం కోర్టులో ఆరు గేములు ఆడితే, కాలేజీ జట్టులో నెల రోజుల్లో దొరకనన్ని షాట్లు దొరుకుతాయి.

జట్టు మానేయాలా, ఉండాలా?

మూడు ప్రశ్నలు వేసుకోండి. ప్రాక్టీస్‌లో ఇంకా ఏదైనా నేర్చుకుంటున్నానా? కోచ్ నాకు స్పష్టంగా ఏం చేయాలో చెప్పారా? చదువు నిలబడుతోందా? 75 శాతం హాజరు దగ్గర ఇబ్బంది పడుతూ, నేర్చుకునేదీ లేక, చెప్పేవాళ్లూ లేకపోతే మానేయడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మానేసేటప్పుడు మెసేజ్ పెట్టి వదిలేయకండి, వెళ్లి చెప్పండి. మొదటి ఏడాదివాళ్లైతే ఒక్క సీజన్ పూర్తయ్యేదాకా ఆగమని అడుగుతాను. సీనియర్లు వెళ్లిపోయాక ఒకేసారి నాలుగైదు చోట్లు ఖాళీ అవుతాయి, నా విషయంలో జరిగింది అదే. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటి చోట యూనివర్సిటీ జట్టు సెలెక్షన్‌కి వెళ్లాలనుకునేవాళ్లకి, కాలేజీ జట్టులో ఉండటమే మొదటి మెట్టు.

మూడేళ్లూ బెంచ్ మీదే ఉన్న ఫైనలియర్ కుర్రాణ్ని చివరి మ్యాచ్‌లో ఆడించాలా?

ఆడించాలి. గెలిచేసిన మ్యాచ్ చివరి 30 సెకన్లలో మాత్రం కాదు. అందరూ బ్యాగులు సర్దుకుంటుంటే లోపలికి పంపడం వాడికి గౌరవం కాదు, ఆ సంగతి వాడికీ తెలుసు. మొదటి ఐదుగురిలో పెట్టండి. మ్యాచ్ మొదటి మూడు నిమిషాల్లో తేడా ఎంత వచ్చినా సరిచేసుకోవడానికి ఇంకా 37 నిమిషాలుంటాయి. కిందటేడు మేం ఇలాగే చేశాం. ముందురోజే వాడికి చెప్పాను, ఇంట్లోవాళ్లని తీసుకురమ్మన్నాను. గాజువాక నుంచి వాళ్ల నాన్నగారు డ్యూటీ మార్చుకుని వచ్చారు. మా వాడు ఆ మూడు నిమిషాల్లో పాయింట్లేమీ కొట్టలేదు. రెండు రీబౌండ్లు తీశాడు, ఒక స్క్రీన్ వేశాడు. ఆ స్క్రీన్ మీదుగానే మా గార్డ్ మొదటి బాస్కెట్ వేశాడు. బయటికి వచ్చేటప్పుడు బెంచ్ మీదున్న ఏడుగురూ లేచి నిలబడ్డారు. ముందుగా వెళ్లి చేయి కలిపింది, వాడి స్థానంలో అన్నాళ్లూ ఆడిన కుర్రాడే.